కత్తెర పడని ఉన్ని

గొర్రె ఒంటి మీది ఉన్ని కత్తెర తగలకుండా, కప్పుకున్న దుప్పటి తీసినట్టు ఊడిరావడం చూసినవాళ్లు మా పశుసంవర్ధక డిపార్టుమెంటులో ఎక్కువమంది ఉండరు. నేను చూశాను. ఊడింది నా చేతుల్లోనే. అదీ పెద్దాఫీసరు ముందు, ఫారంలో పనిచేసేవాళ్లు, పక్క గూడెం జనం అందరూ నిలబడి చూస్తుండగా.

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. మీ సర్వీసులో బాగా గుర్తున్నది ఏమిటి సార్ అని అడుగుతారు. వాళ్లకు ఏదో పురుడు పోసిన ఆవు కథో, అడవి దారిలో ఎలుగుబంటి ఎదురైన కథో చెబుతానని ఆశ. నేను ఈ గొర్రెల కథ చెబుతాను. ఇందులో నేను గొప్పవాణ్ని కాదు. అయినా చెబుతున్నప్పుడు ప్రతిసారీ నాకే నవ్వు వస్తుంది.

డెబ్బైలు అయిపోయి ఎనభైలు మొదలైన రోజులు. చింతపల్లి దాటి గూడెం కొత్తవీధి వైపు వెళ్లే దారిలో, కొండ వాలు మీద ఒక చిన్న గొర్రెల ఫారం ఉండేది. ఇప్పుడు లేదు. నేను అక్కడ పశువుల మందులు, మేత చూసే స్టాక్‌మన్‌ని. మైదానంలో వరి, చెరకు మధ్య పెరిగినవాణ్ని. ఆ చలి నాకు కొత్త. పుష్యమాసంలో పొద్దున్నే షెడ్డు తలుపు తీస్తే లోపల గొర్రెల ఊపిరి పొగలా బయటికి వచ్చేది. ఆ చలిని చూసే అక్కడ ఉన్ని గొర్రెల్ని పెట్టారు. చలిదేశపు పొట్టేళ్లను మన గొర్రెలతో దాటించి పుట్టించిన సంకరజాతి. ఏడాదికి రెండుసార్లు, ఫాల్గుణంలో ఒకసారి, వానలు వెనకపట్టాక ఒకసారి, ఉన్ని కత్తిరించేవాళ్లం.

ఉన్ని అంటే ఊరికే వచ్చేది కాదు. గొర్రె తిన్న మేతలోని మాంసకృత్తే చర్మం మీద దారమై మొలుస్తుంది. మేత తగ్గితే ఉన్ని సన్నబడుతుంది, తెగుతుంది. అందుకని పచ్చిగడ్డితో పాటు రోజూ వేరుశనగ చెక్క పెట్టేవాళ్లం. నూనె తీశాక మిగిలే ఆ చెక్క మైదానం నుంచి లారీలో ఘాట్ రోడ్డెక్కి రావాలి.

ఫారానికి పెద్దగా పశువుల డాక్టరు గారు ఉండేవారు. తక్కువ మాట్లాడేవారు, మాట్లాడితే సూది గుచ్చినట్టే. కింద నేను. గొర్రెల్ని నిజంగా చూసుకున్నవాళ్లు మాత్రం ఒక మొగుడూ పెళ్లాం, పక్క గూడెం వాళ్లు. అతను కాపరి. తొమ్మిదేళ్లుగా రోజుకూలీ మీదే ఉన్నాడు. ఆ ఏడు పర్మనెంటు చేయడానికి పైకి పేరు పంపారు. ఆమె మేతతోటలో కోత పని. అతను మాట్లాడటం అరుదు. ఆ లోటు తెలియనివ్వకుండా ఆమే ఇద్దరి వంతూ మాట్లాడేది.

ఆ ఏడు కార్తీకంలో వచ్చిన తుపానుకు ఘాట్ రోడ్డు రెండుచోట్ల కొట్టుకుపోయింది. జీపులు ఎలాగో వచ్చేవి గానీ బరువు లారీలు రాలేదు. పుష్యం వచ్చేసరికి గోదాంలో చెక్క బస్తాలు అడుగంటాయి.

"ఏం చేద్దామయ్యా?" అన్నారు డాక్టరు గారు.

నేను నోరు తెరిచే లోపల, గడ్డిమోపు దింపుతున్న ఆమె అంది: "వలిసి పిండి ఉన్నాది గదండి బాబూ. మా గూడెంలో గానిగ కాడ గుట్టలేసి పడున్నాది. మా మేకలు తింతన్నాయి, నున్నగా ఉన్నాయి."

వలిసెలు మీకు తెలుసు కదా. వానలు తగ్గాక కొండలన్నీ పసుపు పూసినట్టు కనిపించేది ఆ పూలవల్లే. ఆ గింజల నూనెతోనే అక్కడివాళ్లు వండుకుంటారు. నూనె తీశాక మిగిలే చెక్కనే ఆమె పిండి అంది. ఆమె చెప్పింది మంచి మాట. కానీ చెప్పింది ఆమె. నేను స్టాక్‌మన్‌ని. పైగా నా జేబులో అప్పటికే ఒక కరపత్రం ఉంది.

అప్పట్లో సుబాబుల్ చెట్టుకు ఉన్న పేరు సినిమా నటులకు కూడా లేదు. నాటిన ఏడాదికే మనిషెత్తు, ఆకు నిండా మాంసకృత్తు, పశువులు ఎగబడి తింటాయి అని మీటింగుల్లో చెప్పేవాళ్లు. రెండేళ్ల కిందట నేనే ఫారం కంచె పొడుగునా నాటించాను. అవి గుబురుగా పెరిగాయి.

"సార్, సుబాబుల్ ఆకు ఉంది. చెక్కతో పనే లేదు," అన్నాను.

"పెట్టు. కొంచెం కొంచెంగా పెట్టి చూడు," అన్నారాయన.

ఆ మాటలో నాకు 'పెట్టు' అన్నది వినిపించినంత బాగా తక్కినది వినిపించలేదు. కరపత్రం చివరి పేజీలో కూడా అదే ఉందట: మొత్తం మేతలో మూడోవంతు దాటవద్దని. నేను చివరి పేజీ దాకా చదవలేదు. మొదటి పేజీలోనే నాకు ప్రమోషన్ కనిపించింది.

వారం తిరిగేసరికి మేతంతా సుబాబులే. గొర్రెలు కొమ్మలు విరుచుకుని తిన్నాయి. నాకు సంబరం. "స్థానిక మేతతో ఉన్ని దిగుబడి ఆశాజనకం" అని పైకి రిపోర్టు రాసేశాను. దిగుబడి ఇంకా గొర్రెల మీదే ఉంది, కత్తిరించనే లేదు.

ఒకరోజు ఆమె కొడవలి నడుముకు దోపుకుని నా దగ్గరికి వచ్చింది.

"బాబూ, ఒక మాటండి. సంతకొచ్చే ఉప్పు సావుకారి గుర్రం తెలుసుగదా మీకు? లంబసింగి కాడ నుంచి బస్తాలు మోసుకొస్తాది, ఆ బూడిద గుర్రం."

"తెలుసు. ఏమైంది?"

"వానల్లో దాన్ని మన కంచికి కట్టీసి సంతకెల్లీవోడు. అది ఈ ఆకే తినీది. ఇప్పుడు దాని తోక సూసినారా? సీపురు కట్ట అరిగిపోనట్టు అయిపోనాది. జూలు కూడా నేదు."

నేను పగలబడి నవ్వాను. "గుర్రం ముసలిదైందమ్మా. నాకూ నెత్తి మీద జుట్టు పల్చబడుతోంది. నేనూ సుబాబుల్ తిన్నానంటావా?"

"మీరేటి తిన్నారో నాకేటి తెల్సు బాబూ," అంది ఆమె. "గుర్రం తిన్నది మాత్రం నాను సూసినాను."

షెడ్డులో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేను నా జోకుకే నవ్వారనుకున్నాను.

మాఘమాసం నడుస్తుండగా గొర్రెల వీపుల మీద బోడి మచ్చలు కనిపించడం మొదలైంది. ముందు రెండు మూడింటికి, తర్వాత చాలా వాటికి. మెడ దగ్గర, తొడల మీద అరచేయంత మేర గులాబీరంగు చర్మం. గజ్జి కాదు, పేను లేదు. ఉన్ని ఏమైపోతోంది? ఎవరో కత్తిరిస్తున్నారని నా బుర్ర చెప్పింది. అప్పుడు బుర్రకు ఇంకో దారి కూడా ఉంది. కానీ అది నా రిపోర్టు మీద నుంచి పోతుంది.

కాపరి ఇంటికి వెళ్లాను. అరుగు మీద పెద్ద వెదురు బుట్ట, దాని నిండా ఉన్ని.

"ఇదేమిటి?" అని అరిచాను.

అతను లేచి నిలబడ్డాడు. ఆమె అంది: "కంచికి, తుప్పలకి అంటుకున్నది ఏరినాను బాబూ. మీకు సూపిద్దారనే దాసినాను. ఆకు తిని ఊడతందని సెప్తే మీరు నమ్మరు గదా, అందుకని."

ఎంత సూటిగా చెప్పిందో చూడండి. నేను చేసిన తప్పుకు సాక్ష్యాన్ని బుట్టలో పెట్టి ఇంటి ముందే ఉంచింది. నేను ఆ బుట్టనే దొంగసొత్తుగా తీసుకుపోయి ఆఫీసు బీరువా మీద పెట్టి, కాపరి మీద మెమో రాశాను. ఉన్ని అపహరణ. ఆ కాగితం హెడ్డాఫీసుకు పోయింది. అతన్ని పని ఆపి ఇంట్లో ఉండమన్నాం. పర్మనెంటు జాబితాలో అతని పేరు పక్కన చుక్క పడింది. నన్ను అడ్డుకోలేదని డాక్టరు గారు తర్వాత చాలా బాధపడ్డారు. జ్వరంతో సెలవులో ఉన్న ఆయన చేత నేనే ఇంటికెళ్లి మెమో మీద సంతకం పెట్టించుకు వచ్చాను.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. కాపరి పని మానేశాక కూడా బోడి మచ్చలు ఆగలేదు. ఇంకా పెరిగాయి. రెండో వారానికే నాకు అర్థమైంది. అప్పుడు చదివాను ఆ కరపత్రం చివరి పేజీ. ఆ ఆకులో ఉన్నిని కుదుళ్లలోనే తెంపేసే గుణం ఏదో ఉందని, చూలు గొర్రెలకు మరీ ప్రమాదమని రాసి ఉంది. చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాను. మర్నాటి నుంచి నెమ్మదిగా ఆకు తగ్గించాను, గడ్డి పెంచాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు. తెలియక చేసిన తప్పుకు జనం నవ్వుతారు, పోతారు. తెలిశాక నోరు మూసుకుని గడిపిన ఆ పద్దెనిమిది రోజులే నాకు ఈనాటికీ తలవంపు.

ఫాల్గుణంలో ఉన్ని కత్తిరింపు. నా రిపోర్టు చదివి పెద్దాఫీసరు స్వయంగా జీపులో వచ్చారు. స్థూలకాయం, మంకీ క్యాపు, చేతిలో నోటుపుస్తకం. షెడ్డు ముందు గోనెపట్టాలు పరిచారు. గూడెం జనం వింత చూడటానికి వచ్చారు. వాళ్లలో కాపరీ ఉన్నాడు, కాస్త దూరంగా చేతులు కట్టుకుని. ఆమె ముందు వరుసలోనే ఉంది.

ఉన్నంతలో బాగా కనిపిస్తున్న పొట్టేలును ఎంచుకుని తెచ్చాను. దానికి ఒక్క మచ్చ కూడా లేదు. దాన్ని కూచోబెట్టి, వీపును నా మోకాళ్లకు ఆనించి, ఎడంచేత్తో ఛాతీ మీది ఉన్ని పట్టుకుని కుడిచేతిలోకి కత్తెర తీసుకున్నాను. పొట్టేలు ఒక్కసారి తన్నుకుంది. నేను గట్టిగా పట్టుకున్నాను. అది ముందుకు దూకింది.

పొట్టేలు వెళ్లిపోయింది. ఉన్ని నా చేతిలో ఉండిపోయింది.

మెడ నుంచి తోక దాకా సగం ఒళ్లు బోడి చేసుకుని, మిగతా సగం వెనకాల అంగవస్త్రంలా ఈడ్చుకుంటూ అది పెద్దాఫీసరు చుట్టూ రెండుసార్లు తిరిగింది. మూడో చుట్టులో ఆ మిగతా సగం కూడా ఆయన బూటు కింద ఉండిపోయింది. కొత్తగా పుట్టిన పందిపిల్లలా గులాబీరంగులో మెరిసిపోతూ పొట్టేలు కొండెక్కింది.



"ఏమయ్యా," అన్నారు పెద్దాఫీసరు బూటు వైపు చూస్తూ, "ఇంతకీ కత్తెర వాడావా?"

ముందు వరుసలోంచి ఆమె గొంతు: "ఓలమ్మో! గుర్రానికి తోకే పోనాది. దీనికి సొక్కా, పంచీ రెండూ పోనాయి!"

అంతే. కొండ కొండంతా నవ్వినట్టయింది. ముసలమ్మలు ఒకరి మీద ఒకరు పడ్డారు. జీపు డ్రైవరు స్టీరింగు మీద వాలిపోయాడు. డాక్టరు గారు నవ్వడం నేను చూసింది ఆ ఒక్కరోజే. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆశ్చర్యంగా, ఉన్ని కౌగిలించుకుని గోనెపట్టా మీద కూలబడ్డ నాకు కూడా నవ్వు ఆగలేదు. పద్దెనిమిది రోజులుగా గుండె మీద కూచున్నదేదో ఆ పొట్టేలుతో పాటే కొండెక్కిపోయింది.

నవ్వు తగ్గాక లేచి నిలబడ్డాను. "సార్, ఇది సుబాబుల్ వల్ల. నేనే పెట్టాను. కొంచెంగా పెట్టమని డాక్టరు గారు చెప్పినా మొత్తం పెట్టాను. ఈమె ముందే చెప్పినా వినలేదు. కాపరి ఏమీ తియ్యలేదు. ఈ సంగతి నాకు రెండువారాల పైనుంచే తెలుసు," అన్నాను.



డాక్టరు గారు ఆఫీసులోకి వెళ్లి బీరువా మీది బుట్ట తెచ్చారు. అందులోంచి ఒక పోగు తీసి ఎండకు ఎత్తిపట్టారు. "కత్తెర పడితే మొదలు చదునుగా ఉండాలి. ఇది చూడు, సూదిమొనలా సన్నబడి ఉంది. దానంతట అది ఊడిన ఉన్ని. స్టాక్‌మన్ అన్నవాడు ఒక్కసారి కళ్లు పెట్టి చూస్తే చాలు." ఆయన ఆ పోగును నా చేతిలో పెట్టారు.

పెద్దాఫీసరు నోటుపుస్తకం మూశారు. "మెమో రాసింది నువ్వు. పర్మనెంటు జాబితా ఈ నెలాఖరుకు ఖాయమైపోతుంది. ఆ లోపల నువ్వే హెడ్డాఫీసుకు వచ్చి, ఇప్పుడు చెప్పింది చెప్పినట్టు రాసి ఇచ్చి, నీ కాగితం నువ్వే వెనక్కి తీసుకో. నేను ఫోను చేసి చెప్పను."

నన్ను శిక్షించడానికే అలా అన్నారనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, అంతకంటే మంచి అవకాశం నాకు ఎవరూ ఇవ్వలేదు.

ఆ రోజే వలిసె చెక్క తెప్పించాం. దాన్ని నానబెట్టి ఎంత కలపాలో, గొర్రె పెంటికలు చూసి ఎలా పెంచాలో తగ్గించాలో ఆమే చెప్పింది. సుబాబుల్‌ను పారెయ్యలేదు, ఎండబెట్టి, గడ్డిలో నంజుకునే పచ్చడిలా కొంచెం కలిపాం. చెట్టు తప్పేమీ లేదు పాపం. వానలు వెనకపట్టాక వచ్చిన కత్తిరింపులో ఉన్ని పిడికిట్లో నొక్కి వదిలితే పొంగి లేచేది. వేరుశనగ చెక్క లారీ తర్వాత వచ్చినా, మా గొర్రెలు వలిసె వాసన లేని తొట్టి వైపు చూసేవి కావు. అయితే అదంతా తర్వాతి మాట.

నేను హెడ్డాఫీసుకు బయల్దేరిన రోజు ఆమె ఫారం గేటు దగ్గర ఎదురైంది. చైత్రం వచ్చేసింది, గూడెంలో ఇటుకల పండగ మొదలైంది. ఆ పండగ రోజుల్లో మగవాళ్లు అడవికి వేటకు వెళతారు. ఉత్తచేతులతో తిరిగొచ్చినవాణ్ని ఆడవాళ్లు ఊళ్లోకి రానివ్వరు. దారికి అడ్డంగా నిలబడి, ఎగతాళి చేసి, పేడనీళ్లు గుమ్మరిస్తారు. ఎంత పెద్దమనిషైనా ఊరుకోరు.

"ఏటి బాబూ, మీరూ వేటకెల్తన్నారా?" అంది.

"అవునమ్మా."

"బేగి రండి. ఒట్టి సేతుల్తో వత్తే మాత్రం ఇక్కడే ఉంటాం, సెప్పలేదనీరు!"

జీపులో వేలాడుతూ నర్సీపట్నం, అక్కణ్నుంచి బస్సులో విశాఖపట్నం. హెడ్డాఫీసు గుమస్తా నేను రాసిచ్చింది చదివి తలెత్తాడు. "మీ మీద మీరే కంప్లైంటు రాసుకున్నారేమిటండీ? ఇది ఏ ఫైల్లో పెట్టాలో నాకు తెలీదు," అన్నాడు. అతను ఫైలు వెతుక్కోవడానికి మూడురోజులు పట్టింది. నాకు ఒక ఇంక్రిమెంటు ఆపారు. నాలుగోరోజు సాయంత్రం కాపరి పేరు మీద ఆర్డరు చేతికి వచ్చింది.

తిరుగు ప్రయాణంలో ఘాట్ ఎక్కుతుండగా గేటు గుర్తొచ్చింది. ఆర్డరు తీసి ముందే చూపిస్తే చాలు. వేట తెచ్చినవాణ్ని ఆడవాళ్లు పాటతో లోపలికి తీసుకెళ్తారు. ఒంటి మీద చుక్క పడదు. చాలాసేపు ఆలోచించాను. లంబసింగి దగ్గర జీపు ఆగినప్పుడు, గొర్రెలకు పెట్టే లవణ మిశ్రమం ప్యాకెట్ తాలూకు పాలిథిన్ సంచి ఒకటి నా బ్యాగులో ఉంటే తీసి, ఆర్డరును అందులో పెట్టి మడతలు వేసి, బనీను లోపల దోపుకున్నాను.

గేటుకు అడ్డంగా వెదురు గడ. దాని వెనక పదిహేనుమంది ఆడవాళ్లు. మధ్యలో ఆమె, చంకలో కుండ.

"వేటేది బాబూ?"

రెండు చేతులూ చాపి చూపించాను. ఖాళీ.

ఆమె ముఖం ఒక్క క్షణం వాడిపోయింది. వెనక చెట్టు కింద నిలబడ్డ ఆమె మొగుడు తల దించుకున్నాడు. అది చూసి నా ప్రాణం ఉసూరుమంది, తీసి చూపించెయ్యబోయాను కూడా. ఈలోగా ఆమె పళ్లు బిగించి కుండ ఎత్తింది. చల్లటి పేడనీళ్లు నెత్తి మీద నుంచి చొక్కాలోకి, చొక్కాలోంచి చెప్పుల్లోకి దిగాయి. తర్వాత మిగతావాళ్ల వంతు. చివరిది ఎనభై ఏళ్ల ముసలమ్మ. చెయ్యి అందక, నన్ను వంగమని సైగ చేసింది. వంగాను.

అంతా అయ్యాక, కారుతున్న నీళ్లు చేత్తో తుడుచుకుని, బనీనులోంచి పాలిథిన్ సంచి తీశాను. లోపల కాగితం తెల్లగా, పొడిగా ఉంది.

ఆమె కుండ కింద పెట్టేసింది. "వేట సంచిలో ఎట్టుకుని ఈ నీలెందుకు పోయించుకున్నారు బాబూ? ముందే సూపెట్టొచ్చు గదా!"

"ఇవి నాకు రావాల్సినవేనమ్మా," అన్నాను.

అప్పుడు కాపరి దగ్గరికి వచ్చాడు. కాగితం వైపు చూశాడు. "ఏటి రాసుంది బాబూ?"

"నువ్వు ఉన్ని తియ్యలేదని రాసుంది."

"అది నాకు తెల్సు. ఇంకేటుంది?"

"తప్పు నాదని రాసుంది."

"అది ఇక్కడ అందరికీ తెల్సు. ఇంకేటుంది?"

"నువ్వు పర్మనెంటయ్యావు. సోమవారం నుంచి పనిలోకి రావాలని రాసుంది."

అతను షెడ్డు వైపు చూశాడు. నేను ఆ ఫారానికి వచ్చాక అతను నాతో అన్ని మాటలు మాట్లాడింది ఆరోజే. "సోమారం దాకా గొర్రిలేటి తింతాయి?" అన్నాడు. అని, వెదురు గడ ఎత్తి పక్కన పెట్టి, తిన్నగా షెడ్డు వైపు నడిచి తలుపు తీశాడు.

కొత్త ఉన్ని గరుకుగా మొలుస్తున్న గొర్రెలు బయటికి వచ్చాయి. అతన్ని చూసి అరిచాయి, చేతులు నాకాయి, చుట్టూ మూగాయి. తర్వాత మంద నా పక్కగా నడిచింది. ఆ బోడి పొట్టేలు ఒక్కటి ఆగి నన్ను వాసన చూసింది. ముక్కు చీదుకుని, దూరంగా తప్పుకుని వెళ్లిపోయింది.